పాడి పరిశ్రమ – ఖేడా జిల్లా నేర్పిన పాఠము

పంటపై వచ్చు సొమ్ము రైతునకు ఏటికి ఒకటి రెండు పర్యాయములు మాత్రమే చేతికందును. పాలపై వచ్చు సొమ్ము అట్లుగాక, పశువు పాలిచ్చినంత కాలము ఇంటికి చేరుచుండును. సెంటు భూమి లేని కుటుంబము సైతము ఒక గేదెను పోషించి కొంత ఆదాయము పొందవచ్చును. అయితే పాడిలో ఒక చిక్కు కలదు. ధాన్యమును మంచి ధర వచ్చువరకు గాదెలో నిలువచేయవచ్చును. పాలు ఒక పూట దాటినచో విరిగిపోవును. కావున పాలను వెంటనే కొని, చెడకుండ కాపాడగల సాధనములు ఎవరి చేతిలో నుండునో, ధర నిర్ణయించు అధికారమును వారికే దక్కును. ఈ చిక్కును ఖేడా జిల్లా రైతులు పరిష్కరించుకొనిన విధము పంచాయతీ సభ్యులు తెలిసికొనదగినది.

నేడు గుజరాతులో నున్న ఈ జిల్లా ఆనాడు బొంబాయి రాష్ట్రములోనిది. బొంబాయి నగరమునకు పోవు పాలను ఇచ్చట ఒకే ప్రైవేటు సంస్థ సేకరించుచుండెను. నగరములో పలికిన ధరలో రైతునకు దక్కినది స్వల్పము. 1946 జనవరిలో రైతులు సమర్ఖా గ్రామమున సమావేశమై, గ్రామగ్రామమున సహకార సంఘమును, వాటిపై జిల్లా యూనియనును స్థాపింప తీర్మానించిరి. ప్రభుత్వము తమ యూనియన్ వద్ద పాలు కొననిచో ఎవ్వరికిని అమ్మబోమని పదునైదు దినములు పట్టుదలతో నిలిచిరి. 1946 డిసెంబరు 14న త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వమున యూనియన్ రిజిస్టరు అయ్యెను. 1948లో రెండు గ్రామ సంఘములు, దినమునకు సుమారు 250 లీటర్ల పాలు – ఇదియే దాని ఆరంభము.

శీతకాలమున గేదెలు అధికముగా పాలిచ్చును. ఆ మిగులును బొంబాయి కొనజాలకుండెను. అందుచే ఆనంద్‌లో పాలపొడి, వెన్న తయారుచేయు కర్మాగారము నెలకొల్పబడినది. 1955 అక్టోబరు 31న ప్రధాని నెహ్రూ దానిని ప్రారంభించిరి. గేదెపాలను పొడిగా మార్చుట సాధ్యము కాదన్న అభిప్రాయమును కురియన్, దలాయా గారలు వమ్ముచేసిరి.

ఈ విజయమునకు మూలము గ్రామ సంఘమే. ఉదయము, సాయంకాలము పాలు కొలిచి, వెన్నశాతము పరీక్షించి, దానినిబట్టి ధర చెల్లింతురు. కావున నీరు కలిపినవానికి లాభము లేదు. చిక్కని పాలు పోసిన పేదవానికి నష్టము లేదు. మిగిలిన లాభము బోనసు రూపమున సభ్యులకే చేరును. దాణా, పశువైద్యము యూనియన్ సమకూర్చును. 1965లో జాతీయ పాడి అభివృద్ధి మండలి ఆనంద్‌లోనే స్థాపితమైనది; 1970లో ఆరంభమైన పాలవెల్లువ పథకము ఈ పద్ధతిని దేశమంతట విస్తరింపజేసినది.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులును కలవు. కొలత, పరీక్ష పదిమంది యెదుట జరుగునట్లు కోరవలయును. గాలికుంటు వ్యాధికి టీకాలు సకాలమున వేయింపవలయును. పశువులకు నీటితొట్టెలు నిర్మింపవలయును. గేదెను మేపి, పాలు పితుకు స్త్రీల పేరులు సభ్యత్వ పుస్తకమున చేర్పింపవలయును. ధర నిర్ణయమున పాలు పోయువారికి మాట చెల్లిననాడే పాడి పల్లెకు నిజమైన సంపద యగును.