గుర్రానికి ఏమైంది?

మొత్తం రేసులు పద్దెనిమిది. అందులో గెలిచినవి పదిహేను! 2004లో ఫెరారీ జట్టు సాధించిన లెక్క ఇది. ఆ పదిహేనులో పదమూడు మైకేల్ షుమాకర్‌వే. మిగిలిన రెండూ అతని సహచరుడు రూబెన్స్ బారిచెల్లోవి. ఎర్ర కారు ముందు, మిగతావాళ్లంతా వెనక... ఫార్ములా వన్ అంటే అదే అన్నట్టుండేది అప్పట్లో. అలాంటి జట్టు 2005లో మొదటి మూడు రేసులు ముగిసేసరికి సంపాదించిన పాయింట్లు ఎన్నో తెలుసా? అక్షరాలా పది! అంతకుముందు ఏడాది అవే మూడు చోట్ల వచ్చినవి 51.

నాలుగైదు నెలల్లో ఏం మారిపోయింది? డ్రైవర్లు వాళ్లే. జట్టు పెద్ద జీన్ టాడ్, వ్యూహకర్త రాస్ బ్రాన్... అందరూ పాతవాళ్లే. మరి దూకే గుర్రం బొమ్మ పెట్టుకున్న జట్టు ఎందుకు కుంటింది?

మూడు రేసులు.. మూడు దెబ్బలు

మార్చి 6న మెల్‌బోర్న్‌లో తొలి రేసు. అర్హత పోటీ సమయానికి వాన పడటంతో షుమాకర్ బాగా వెనకబడ్డాడు. రేసులో నిక్ హైడ్‌ఫెల్డ్ కారుతో ఢీకొని ఇంటిదారి పట్టాడు. బారిచెల్లో మాత్రం వెనక నుంచి వచ్చి రెండో స్థానం కొట్టాడు. జట్టు ఖాతాలో 8 పాయింట్లు. 'ఫర్వాలేదు' అనిపించింది కానీ, అది వాపే తప్ప బలుపు కాదని రెండు వారాల్లోనే తేలిపోయింది.

మార్చి 20న మలేసియాలో షుమాకర్‌ది ఏడో స్థానం. రెండంటే రెండు పాయింట్లు. టైర్లు అరిగిపోయి బారిచెల్లో మధ్యలోనే ఆపేశాడు.

దాంతో హడావుడి మొదలైంది. మేలో స్పెయిన్ రేసుకు దించాలనుకున్న కొత్త కారు ఎఫ్2005ని ముందుకు జరిపి, ఏప్రిల్ 3న బహ్రెయిన్‌లోనే దించేశారు. షుమాకర్ రెండో స్థానం నుంచి బయల్దేరాడు. పన్నెండో ల్యాప్‌లో హైడ్రాలిక్స్ చెడిపోయాయి. కారులో లోపంతో అతను రేసు వదిలేయడం 2001 జర్మనీ రేసు తర్వాత అదే మొదటిసారి! బారిచెల్లో తొమ్మిదో స్థానంలో వచ్చాడు. అప్పట్లో పాయింట్లు ఎనిమిదో స్థానం వరకే. అంటే సున్నా.

అసలు దొంగ టైరు

ఆ ఏడాది నిబంధనలు మారాయి. ముందు రెక్కను పైకి లేపారు. వెనక రెక్కను ముందుకు జరిపారు. ఒకే ఇంజిన్ రెండు రేసులకు రావాలన్నారు. ఇవన్నీ అందరికీ కష్టమే. ఫెరారీ మెడకు చుట్టుకున్నది మాత్రం మరో నిబంధన... అర్హత పోటీకి, రేసుకి కలిపి ఒకే జత టైర్లు వాడాలి. పంక్చరైతేనో, ప్రమాదకరంగా దెబ్బతింటేనో తప్ప మార్చకూడదు.

అంతకుముందు రేసు మధ్యలో ఆగిన ప్రతిసారీ కొత్త టైర్లు వేసుకునేవారు. ఫెరారీ బలమంతా అక్కడే ఉండేది. కొత్త టైర్లు, తక్కువ ఇంధనం, మెరుపు వేగం. 2004లో ఫ్రాన్స్ రేసును షుమాకర్ ఏకంగా నాలుగుసార్లు ఆగి మరీ గెలిచాడు! ఇప్పుడా అస్త్రం పోయింది. సుమారు 300 కిలోమీటర్లు అదే రబ్బరు మీద నడవాలి.

ఇంకో చిక్కు ఉంది. పది జట్లలో ఏడు మిషెలిన్ టైర్లు వాడేవి. బ్రిడ్జ్‌స్టోన్‌తో ఉన్నవి ఫెరారీ, జోర్డాన్, మినార్డి. ఈ చివరి రెండూ బీద జట్లు. పరీక్షల భారమంతా ఫెరారీ మీదే. గెలిచే రోజుల్లో అది వరం, టైరును తమ కారుకు తగ్గట్టే చేయించుకోవచ్చు. టైరు ఎక్కడ తప్పుతోందో వెతకాల్సి వచ్చేసరికి అదే శాపమైంది. మిషెలిన్‌కు ఏడు జట్ల అనుభవం, బ్రిడ్జ్‌స్టోన్‌కు దాదాపు ఒక్కరిదే.

షుమాకర్ ముసలివాడయ్యాడా?

అప్పటికతనికి 36 ఏళ్లు. సందేహం రావడం సహజమే. జవాబు ఏప్రిల్ 24న ఇమోలాలో దొరికింది. పదమూడో స్థానం నుంచి బయల్దేరి రెండో స్థానానికి దూసుకొచ్చాడు. చివరి ల్యాపుల్లో ఫెర్నాండో అలోన్సో వెనకే నీడలా అంటిపెట్టుకున్నాడు. ఓడింది 0.215 సెకన్ల తేడాతో! అంటే డ్రైవర్లో పస తగ్గలేదు, కొత్త కారూ తీసిపోలేదు. మరి తర్వాతి రేసు స్పెయిన్‌లో? షుమాకర్ కారుకి రెండు టైర్లు పాడై రేసే వదిలేశాడు. టైరు పనిచేసిన రోజు గెలుపు అంచు దాకా, పనిచేయని రోజు ఉత్త చేతులతో. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మనవాడికీ అదే టైరు

కోయంబత్తూరు కుర్రాడు నరైన్ కార్తికేయన్ ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు. జోర్డాన్ జట్టు తరఫున అతనూ 2005 మెల్‌బోర్న్‌లోనే మొదలుపెట్టాడు, పదిహేనో స్థానంతో. అతని కారుకీ బ్రిడ్జ్‌స్టోన్లే. జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో కథ అడ్డం తిరిగింది. మిషెలిన్ టైర్లు అక్కడి వాలు మలుపును తట్టుకోలేవని తేలడంతో 14 కార్లు రేసు మొదలవకుండానే పక్కకు తప్పుకున్నాయి. మిగిలిన ఆరూ బ్రిడ్జ్‌స్టోన్ కార్లే! షుమాకర్ మొదట, బారిచెల్లో తర్వాత. నాలుగో స్థానంలో కార్తికేయన్. ఫార్ములా వన్‌లో భారతీయుడికి తొలి పాయింట్లు అవే. ఆ ఏడాది ఫెరారీకి దక్కిన ఒకే ఒక్క గెలుపూ అదే.

పోయింది పోయినట్టే

సీజన్ ముగిసేసరికి ఫెరారీకి వంద పాయింట్లు, మూడో స్థానం. రెనాల్ట్‌కు 191. వరుసగా అయిదేళ్లు షుమాకర్ దగ్గరే ఉన్న కిరీటం 24 ఏళ్ల అలోన్సో తలకెక్కింది. 2006లో టైర్లు మార్చుకోవచ్చని నిబంధన మళ్లీ సడలించారు. చూస్తుండగానే ఫెరారీ తొమ్మిది రేసులు గెలిచింది. జట్ల పట్టికలో రెనాల్ట్‌కు కేవలం అయిదు పాయింట్ల దూరంలో ఆగింది.

జబ్బు మనిషిది కాదు, టైరుది అని ఆ తొమ్మిది గెలుపులు చెప్పేశాయి. కానీ కాలం ఆగదుగా! 2006 చివర్లో షుమాకర్ రిటైరయ్యాడు. తర్వాత 2010లో మరో జట్టుతో తిరిగొచ్చి మూడేళ్లు ఆడినా ఒక్క రేసూ గెలవలేదు. అతని ఖాతాలో టైటిళ్లు ఏడు దగ్గరే ఆగిపోయాయి. ఎనిమిదోది ఎప్పటికీ రాలేదు.