డాక్యుమెంటరీ చిత్రం - గురుశిష్య పరంపర

కావ్యరచనకు ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం అనే మూడూ కారణాలని మన ఆలంకారికులు చెప్పారు. వీటిలో అభ్యాసం ఒంటరిగా సాగేది కాదనీ, కావ్యమర్మం తెలిసినవారి శిక్షణలో సాగవలసినదనీ మమ్మటుడు సూచించాడు. ఈ మాట కావ్యానికే కాక, ఆధునిక కళ అయిన డాక్యుమెంటరీ చిత్రానికి కూడా వర్తిస్తుంది. కల్పిత కథను గాక వాస్తవ జీవితాన్ని, నిజమైన మనుషులను చూపే చిత్రమే డాక్యుమెంటరీ. కథాచిత్రం చెడితే నష్టపోయేది నిర్మాత. డాక్యుమెంటరీ చెడితే, నమ్మి తన బతుకును కెమెరా ముందు ఉంచిన మనిషికి అన్యాయం జరుగుతుంది. అందుచేత ఈ రంగంలో అడుగుపెట్టే యువతీయువకులకు యంత్ర పరిజ్ఞానం ఒక్కటే చాలదు. దారి చూపే పెద్దల అండ కూడా కావాలి.

ఈ అవసరాన్ని తొలినాళ్లలోనే గుర్తించినవాడు జాన్ గ్రియర్సన్ (1898-1972). స్కాట్లాండ్‌లో జన్మించిన ఈయన ఉత్తర సముద్రపు జాలరుల శ్రమను 1929లో ‘డ్రిఫ్టర్స్’ అనే చిత్రంగా రూపొందించి పేరు పొందాడు. తరువాత తన చిత్రాలు తాను తీసుకుంటూ ఉండిపోక, బ్రిటిష్ ప్రభుత్వ సంస్థ అయిన ఎంపైర్ మార్కెటింగ్ బోర్డులో చిత్రవిభాగాన్ని నెలకొల్పి యువతరాన్ని చేరదీశాడు. బేసిల్ రైట్, ఆర్థర్ ఎల్టన్, ఎడ్గార్ ఆన్‌స్టీ మొదలైనవారు అలా వచ్చినవారే. వారిలో చాలామందికి వృత్తిపరమైన సినిమా అనుభవం లేదు. అక్కడ పనే పాఠం. ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ దర్శకుడు రాబర్ట్ ఫ్లాహెర్టీని గ్రియర్సన్ 1931లో ఆహ్వానించడంలో కూడా ఒక ఉద్దేశం ఉంది. కుమ్మరుల చేతుల కదలికను, గాజు ఊదే పనివారి ఏకాగ్రతను ఆయన ఎలా పరిశీలిస్తాడో శిష్యులు దగ్గరుండి చూడాలని గ్రియర్సన్ ఆశించాడు.

1933లో ఆ బోర్డు మూతపడింది. బృందం చెదిరిపోయే ప్రమాదం ఏర్పడింది. బోర్డు కార్యదర్శి స్టీఫెన్ టాలెంట్స్ తపాలా శాఖకు మారుతూ చిత్రవిభాగాన్ని కూడా తన వెంట తీసుకొనిపోవడంతో అది నిలిచింది. మూడేళ్లకు, 1936లో, ఆ శాఖనుంచే ‘నైట్ మెయిల్’ వెలువడింది. దీనికి హ్యారీ వాట్‌తో కలిసి దర్శకత్వం వహించినవాడు, కొన్నేళ్లకు ముందు శిష్యుడిగా చేరిన బేసిల్ రైట్. రాత్రి రైలులో ఉత్తరాలు వేరుచేసే దృశ్యాలను స్టూడియోలో వేసిన సెట్టులో చిత్రీకరించారు. అయితే అందులో కనిపించినవారు నటులు కారు. నిజమైన తపాలా ఉద్యోగులే. వాస్తవాన్ని చూపడానికి ఎంత కల్పన తగును అనే ప్రశ్నకు ఆ యువకులు పని చేస్తూనే సమాధానం వెదికారు.

ఈ శిక్షణ ఫలం 1935లో ఎల్టన్, ఆన్‌స్టీ రూపొందించిన ‘హౌసింగ్ ప్రాబ్లమ్స్’లో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. లండన్ మురికివాడల ప్రజలు తమ ఇళ్ల దుస్థితిని తమ మాటల్లోనే చెప్పారు. వారిని జంకు లేకుండా మాట్లాడించడంలో గ్రియర్సన్ సోదరి రూబీ తోడ్పడింది. కాని ఆ చిత్రానికి ధనసహాయం చేసినది గ్యాసు వ్యాపారుల సంఘం. ధనమిచ్చినవారి ప్రయోజనం ఒకటి, తెరపై మాట్లాడేవారి బాధ మరొకటి. ప్రభుత్వ ధనంతో తీసే చిత్రాలకూ ఈ చిక్కు తప్పదు. ఈ రెండింటి మధ్య సత్యాన్ని కాపాడుకోవడం ఏ యంత్రమూ నేర్పలేని విద్య.

1939లో గ్రియర్సన్ కెనడాలో నేషనల్ ఫిల్మ్ బోర్డుకు తొలి అధిపతి అయ్యాడు. అక్కడ తొలిదశలో చేరిన యువకులలో జేమ్స్ బెవరిడ్జ్ ఒకడు. ఆయన 1950ల్లో భారతదేశానికి వచ్చి బర్మా షెల్ సంస్థకోసం డాక్యుమెంటరీల నిర్మాణాన్ని నిర్వహించాడు. తరువాత 1982లో ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియాలో మాస్ కమ్యూనికేషన్ రీసెర్చ్ సెంటర్ స్థాపనకు అన్వర్ జమాల్ కిద్వాయ్‌తో కలిసి కృషి చేశాడు. లండన్‌లో మొదలైన శిక్షణ ఈ విధంగా శిష్యుని ద్వారా మన విద్యార్థులకు చేరింది.

మన దేశంలో 1948నుంచి ప్రభుత్వ డాక్యుమెంటరీలను నిర్మించిన ఫిల్మ్స్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమయింది. సంస్థల రూపం ఇలా మారుతూనే ఉంటుంది. నేడు చేతిలోని ఫోనుతోనే చిత్రం తీయవచ్చు. అయినా కొత్తవారు కూర్చిన తొలి చిత్రాన్ని ఓపికతో చూసి, తప్పును నిర్మొహమాటంగా చెప్పి, దిద్దుకునే స్వేచ్ఛను మాత్రం వారికే విడిచిపెట్టే పెద్దల అవసరం తీరలేదు.