ఒళ్లు కాలితే జ్వరమేనా?
జబ్బుపడ్డ పెరటి కోడి: అపోహలు, వాస్తవాలు

2025లో నల్లగొండ జిల్లా నకిరేకల్ పోలీస్ స్టేషన్‌కు ఓ పెద్దావిడ కాళ్లు విరిగిన కోడిని పట్టుకొని వెళ్లింది. పక్కింటాయన కర్రతో కొట్టాడని ఫిర్యాదు. డబ్బులొద్దు, న్యాయం కావాలని పట్టుబట్టింది. ఆ వార్త చదివి నవ్వుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. న్యాయం సంగతి పోలీసులు చూసుకుంటారు గానీ, విరిగిన కోడికాలు అతుకుతుందా?

అతుకుతుంది. పక్షుల ఎముకలు మనకంటే తొందరగా కలుస్తాయి. పొలుసులుండే సన్నకాలు విరిగితే, చుట్టూ దూది పెట్టి, ఇరువైపులా ఐస్‌క్రీం పుల్లల్లాంటి తేలికపాటి పుల్లలు ఆనించి, మరీ బిగించకుండా టేపు చుట్టాలి. మూడు వారాల పాటు గంప కిందే ఉంచి, మేత, నీళ్లు ముక్కు దగ్గరికే అందించాలి. తొడ ఎముక విరిగినా, ఎముక చర్మం చీల్చుకొని బయటికొచ్చినా సొంత వైద్యం పనికిరాదు, పశువుల దవాఖానకు తీసుకెళ్లాల్సిందే. ఇంట్లో ఉన్న నొప్పి బిళ్ల సగం విరిచి వేయడం మాత్రం వద్దు. మనుషులు నడుంనొప్పికి వాడే డైక్లోఫెనాకే రాబందుల కిడ్నీలు పాడుచేసి వాటి జాతిని ఊడ్చేసింది. పశువైద్యంలో దాన్ని 2006లోనే నిషేధించారు.

“కోడికి దవాఖానేంది? కోసుకొని తినుడే!”

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో కోడి తూగితే మొదట వినిపించే మాట ఇదే. వండిన కూరతో భయం తక్కువే. 70 డిగ్రీల వేడి తగిలితే బర్డ్ ఫ్లూ వైరస్ బతకదు. ప్రమాదమంతా వండకముందు, అంటే కోసేటప్పుడు, ఈకలు పీకేటప్పుడు, పేగులు తీసేటప్పుడు. 2025 ఫిబ్రవరిలో పూర్వపు నల్లగొండ జిల్లాలోని చౌటుప్పల్ మండలం నేలపట్లలో బర్డ్ ఫ్లూ నిర్ధారణైంది. మరుసటి నెల పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప అదే వైరస్‌తో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని కుటుంబం చెప్పింది. ఒక కోడి నలతగా ఉండటం వేరు, రెండు రోజుల్లో వాడంతా కోళ్లు రాలిపోవడం వేరు. రెండోది జరిగితే వాటిని చేత్తో ముట్టకుండా పశువైద్యాధికారికి కబురు చేయాలి.

“పట్టుకుంటే ఒళ్లు కాలుతుంది, జరమొచ్చింది”

ఏ జబ్బూ లేని కోడి ఒళ్లే 41 డిగ్రీలు దాటి ఉంటుంది. ఫారెన్‌హీట్‌లో చెబితే 106 పైమాటే. మనిషికి అంత వేడి వస్తే అంబులెన్స్ పిలుస్తాం. కాబట్టి చెయ్యి పెట్టి చూస్తే తెలిసేదేమీ లేదు. రెక్కలు వేలాడేయడం, ఈకలు ఉబ్బించుకొని మూలకు ముడుచుకోవడం, తురాయి నల్లబడటం, రెట్ట రంగు మారడం: చూడాల్సిన గుర్తులు ఇవి. మే నెలలో నోరు తెరిచి రొప్పడం చాలావరకు ఎండ పనే. కోడికి చెమట పట్టదు, రొప్పే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. నీడకు చేర్చి, తురాయి, కాళ్లు తడిపితే తేరుకుంటుంది. ఐసు నీళ్లలో ముంచకూడదు.

మూలకు కూర్చున్న ప్రతి పెట్టా రోగిష్ఠిదీ కాదు. పొదుగుకు వచ్చిన పెట్ట మేత తగ్గించి, ఈకలు లేపి, చెయ్యి పెడితే పొడుస్తుంది. దానికి మందు అక్కర్లేదు, గుడ్లు కావాలి!

“తినకపోతే నోరు తెరిచి పొయ్యాలె”

జబ్బుకోడి చాలాసార్లు చచ్చేది ఇక్కడే. కోడి గాలిగొట్టం నాలుక వెనకే తెరుచుకొని ఉంటుంది. తల ఎత్తి గ్లాసుతో పోస్తే నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు పక్కన ఒక్కో చుక్క వేస్తే అదే మింగుతుంది. గోరువెచ్చని నీళ్లలో కాస్త చక్కెర, చిటికెడు ఉప్పు, తర్వాత మెత్తగా నానిన నూకలు చాలు. అన్నిటికంటే ముందు దాన్ని మంద నుంచి వేరుచేయాలి. గాలి తగలని వెచ్చని మూల, వేరే గిన్నె ఉండాలి. అంగడిలో కొత్తగా కొన్న కోడినైనా రెండు వారాలు విడిగానే ఉంచాలి. ఊరికి తెగులు తరచూ అంగడి సంచిలోనే వస్తుంది.

“కొక్కెరకు టెట్రాసైక్లిన్ వేస్తే తగ్గుతది”

కొక్కెర తెగులుకు రాణిఖేత్ అని పేరు. హిమాలయాల్లోని రాణిఖేత్ ఊరి నుంచి మన దేశంలో ఆ పేరొచ్చింది. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గర బయటపడటంతో ప్రపంచమంతా న్యూకాజిల్ జబ్బు అంటుంది. ఇది వైరస్. టెట్రాసైక్లిన్ గొట్టం బిళ్లలు ఎన్ని వేసినా వైరస్ చావదు. పచ్చటి రెట్ట, గురక, మెడ మెలితిరగడం, కాళ్లు పడిపోవడం, ఇంతలోనే మంద ఖాళీ అవుతుంది. బతికి బయటపడ్డ కోడికి మెడ వంకర కొన్నాళ్లు ఉండొచ్చు. నేల మీది గింజను గురి చూసి పొడవలేదు, లోతు గిన్నెలో తడి మేత పెట్టి ఓపిక పడితే కొన్ని కోలుకుంటాయి. ఎల్లిగడ్డ, పసుపు నూరి పెట్టేవాళ్లను తప్పుపట్టనక్కర్లేదు గానీ, వాటిని నమ్ముకొని టీకా మానేయడమే నష్టం.

తురాయి మీద, కళ్ల చుట్టూ పొక్కులు లేస్తే “అమ్మోరు పోసింది” అని పిల్లల్ని దూరం పెడతారు. కోళ్ల మసూచి మనుషులకు అంటదు. పిల్లలకు పోసే ఆటలమ్మ వైరస్ పూర్తిగా వేరు. కోడి పొక్కులు ఎక్కువగా దోమలు మోసుకొస్తాయి, మూడు నాలుగు వారాల్లో ఎండి రాలతాయి. ఆలోగా కళ్లు మూసుకుపోకుండా తుడుస్తూ, మేత అందేలా చూడటమే వైద్యం.

“టీకా వెయ్యంగనే సచ్చినయ్”

ఈ మాటలో కొంత నిజముంది. తెగులు ఊళ్లోకి దిగాక పరుగెత్తుకెళ్లి టీకా వేయిస్తే, అప్పటికే సోకిన కోళ్లు ఎలాగూ పోతాయి, నింద సూదికి దక్కుతుంది. రాణిఖేత్ టీకా కోళ్లు ఆరోగ్యంగా ఉన్నప్పుడే వేయించాలి. మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆర్‌2బి సూది. సీసా దవాఖాన నుంచి ఇంటిదాకా ఐసులోనే రావాలి. నల్లగొండ ఎండలో చొక్కా జేబులో వేసుకొచ్చిన మందుకూ మంచినీళ్లకూ తేడా ఉండదు.

చిక్కల్లా సీసాతోనే. సాధారణంగా చిన్న సీసాలోనే వంద డోసులుంటాయి, కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. ఇంట్లో ఉన్నవి ఎనిమిది కోళ్లు. అందుకే వాడలో పది ఇళ్లవాళ్లు ఒక రోజు అనుకొని, కోళ్లు ఇంకా గంపల కిందుండగానే, తెల్లవారుజామున టీకా వేయించుకోవాలి. ఎండలు ముదరక ముందే ఆ రోజు ఖాయం చేసుకోండి.