తాబేలు పిల్లకు దారి చూపే ఆకాశం

మా జోడుగుళ్లపాలెం ఒడ్డున ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఒక్కో గుంతలో వంద దాకా ఉంటాయి. అటవీశాఖ వాళ్లు వాటిని ఏరి, కంచె వేసిన ఇసుకలో పాతిపెడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు ఇసుక తోసుకుని పైకొస్తాయి. నేను దగ్గర నుంచి చూసిన ఓ పిల్ల మనిషి అడుగుజాడలో పడి, ముందు రెక్కలతో గట్టు తవ్వుకుంటూ పైకెక్కి, మళ్లీ నీళ్ల వైపే తిరిగింది.

తల్లి తోడు లేదు. మరి దారి చెప్పేదెవరు? ఆకాశమే. రాత్రిపూట సముద్రం మీది ఆకాశపు అంచు, చెట్లూ దిబ్బలూ ఉన్న నేలవైపు కన్నా వెలుగ్గా ఉంటుంది. పిల్ల ఎత్తైన చీకటి నీడలను వదిలి ఆ వెలుగుకేసి పాకుతుంది. నీళ్లలో దిగాక అలలకు ఎదురీదుతుంది.

ఆకాశాన్ని చూసి దారి పట్టేవి తాబేలు పిల్లలే కాదు. ఇటలీ తీరంలో ఇసుకలో గెంతే చిన్న జీవులు సూర్యుణ్ణి చూసి తడి ఇసుకకు చేరతాయని, పొద్దు జరిగేకొద్దీ దిక్కు సరిచేసుకుంటాయని 1950లలో లియో పార్డీ, ఫ్లోరియానో పాపీ చూపించారు.

మన బీచ్ రోడ్డు దీపాలు తాబేలు పిల్లల వెలుగు లెక్క తప్పిస్తాయి. పిల్లలు రోడ్డెక్కి కుక్కల పాలో, చక్రాల పాలో అవుతాయి. పిల్లలు బయటికొచ్చే వేసవి రోజుల్లో ఒడ్డు వైపు దీపాలు ఆర్పండి. కుదరకపోతే కిందికి వంచి మూత పెట్టండి. సెల్‌ఫోన్ ఫ్లాష్ అసలే వేయకండి.