ఎడమచేతి బొటనవేలు నేర్పిన పాఠం

మూడేళ్ళ క్రితం డిసెంబరు నెలలో ఒక రాత్రి మా పెద్దబ్బాయి క్రిస్మస్ కేరల్స్ నుండి వచ్చి భోజనానికి కూర్చున్నాడు. ఎడమచేత్తో మంచినీళ్ళ గ్లాసు ఎత్తబోయి ఎత్తలేకపోయాడు. దగ్గరకు వెళ్ళి చూస్తే బొటనవేలి మొదట్లో వాపు, చూపుడువేలి పక్కన చర్మం లేచి ఎర్రగా కమిలిపోయి ఉంది. "ఇక నేను డ్రమ్ము ముట్టను" అన్నాడు. వాడికప్పుడు పద్నాలుగేళ్ళు.

మొదట మాకు కోపమే వచ్చింది. నాలుగు రాత్రులు వాయించినందుకే ఇంత గారాబమా అనుకున్నాము. తరువాత ఆలోచిస్తే తప్పు మాదేనని తెలిసింది. ప్రియమైన తల్లిదండ్రులారా, మీ ఇంట్లో కూడా డ్రమ్స్ వాయించే అబ్బాయో, అమ్మాయో ఉండవచ్చు. మా పొరపాటు మీకు ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మా వాడు ఆదివారం ఆరాధనలో డ్రమ్ సెట్టు మీద వాయించేవాడు. రెండు స్టిక్స్‌నూ రెండు చేతులతో ఒకే విధంగా, అరచేతులు కిందికి ఉండేలా పట్టుకునేవాడు. కేరల్స్‌కు డ్రమ్ సెట్టును వీధి వీధికి మోసుకెళ్ళలేము కదా! మందిరం సామాన్ల గదిలో ఉన్న పాత సైడ్ డ్రమ్మును దులిపి, పట్టీ వేసి వాడి భుజానికి తగిలించాము. ఆ డ్రమ్ము ఎడమ తొడ మీద వాలుగా వేలాడుతుంది. వాడు మాత్రం అలవాటు ప్రకారం ఎడమచేతిని కూడా పైనుండే ఆడించాలని మోచెయ్యిని భుజం ఎత్తుకు లేపి వాయించాడు. పట్టు జారిపోకుండా స్టిక్‌ను గట్టిగా బిగించాడు. వెనుక నడుస్తున్న మేమేమో "ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా" అని హెచ్చరిస్తూ వచ్చాము!

డాక్టరు గారు చెయ్యి చూసి పది రోజులు విశ్రాంతి అన్నారు. వాపు తగ్గింది గానీ వాడి మనసు మారలేదు.

పెద్దాయన రాక

మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. పోలీసు బ్యాండులో చాలా ఏళ్ళు సైడ్ డ్రమ్ వాయించి రిటైరయ్యారు. అందరమూ ఆయనను మాస్టారు అనే పిలుస్తాము. జనవరిలో ఒక సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చారు. మా వాడి చేతికి స్టిక్ ఇచ్చి, "ఏదీ, పట్టుకో బాబూ" అన్నారు. వాడు పట్టుకున్నాడు. ఆయన నవ్వి, "నువ్వు దాన్ని పట్టుకోవటం లేదు నాయనా, పీక పిసుకుతున్నావు. ఊపిరాడనిస్తేనే కదా అది పలికేది?" అన్నారు.

ఆ తరువాత ఆయన వారానికి రెండు సాయంత్రాలు వచ్చి నేర్పారు. మేమూ పక్కన కూర్చుని విన్నాము. వాద్యం రాని మాకు కూడా అర్థమయ్యేలా చెప్పారు గనుక ఇక్కడ రాయగలుగుతున్నాము.

ఎడమచెయ్యి ఎందుకు వేరు?

స్టిక్స్ పట్టుకోవటంలో ముఖ్యంగా రెండు పద్ధతులు ఉన్నాయి. రెండు చేతులూ ఒకేలా పట్టుకునేది ఒకటి. దీన్ని మ్యాచ్డ్ గ్రిప్ అంటారు. కుడిచెయ్యి పైనుండి, ఎడమచెయ్యి కిందనుండి పట్టుకునేది రెండవది. ఇది ట్రెడిషనల్ గ్రిప్, అంటే సంప్రదాయ పట్టు.

ఈ రెండవ పద్ధతి సైన్యాల నుండి వచ్చింది. పూర్వం ఐరోపా, అమెరికా దేశాల సైన్యాలలో డ్రమ్మర్లు నడుస్తూ వాయించేవారు. పట్టీ కుడి భుజం మీదుగా వచ్చి, డ్రమ్ము ఎడమ తొడ పక్కన వాలి ఉండేది. అలా వాలిన డ్రమ్ము మీద ఎడమచేతిని పైనుండి వాయిస్తే మోచెయ్యి గాలిలో ఉండిపోతుంది. అరచెయ్యిని పక్కకు, కాస్త పైకి తిప్పి పట్టుకుంటే మోచెయ్యి హాయిగా ఒంటి పక్కనే ఉంటుంది. మా వాడు నాలుగు రాత్రులు పడిన బాధకు ఆనాటి సిపాయిలు ఎప్పుడో పరిష్కారం కనిపెట్టారన్నమాట.

తరువాత డ్రమ్ము భుజం దిగి స్టాండు మీదికి వచ్చినా, చాలామంది జాజ్ వాద్యకారులు ఆ పట్టునే కొనసాగించారు. 1960లలో బీటిల్స్ బృందంలోని రింగో స్టార్‌ను చూసి ఎందరో యువకులు రెండు చేతులూ ఒకేలా పట్టుకోవటానికి మొగ్గారు. ఏది గొప్ప అన్న వాదన మనకు అనవసరం. స్టాండు మీద డ్రమ్ముకు ఏదైనా సరిపోతుంది. భుజాన వేలాడే డ్రమ్ముకు మాత్రం పాత పట్టే సుఖం.

బొటనవేలు ద్వారబంధం, వేళ్ళు తలుపు

మాస్టారు మొదట నేర్పింది ఇది. ఎవరికైనా షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు ఎడమచెయ్యి చాపాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న సందులో స్టిక్‌ను పెట్టాలి. లావు చివర నుండి సుమారు మూడో వంతు దూరంలో ఆనిస్తే స్టిక్ బరువు సమంగా ఉంటుంది. స్టిక్ ముందు భాగం ఉంగరపు వేలి మీద, గోరుకూ మొదటి కణుపుకూ మధ్య ఆనుకోవాలి. చిటికెన వేలు ఉంగరపు వేలికి ఆసరాగా కింద ఉంటుంది. చూపుడువేలు, మధ్యవేలు స్టిక్ పైనుండి తేలికగా వంగి ఉంటాయి. బొటనవేలు స్టిక్ మీదుగా వచ్చి చూపుడువేలి మొదటి కణుపు దగ్గర తాకాలి. తాకాలి గానీ నొక్కకూడదు.

దెబ్బ ఎలా పడుతుంది? చెయ్యిని పైకీ కిందికీ కొట్టరు. తాళంచెవి తిప్పినట్టు ముంజేయి తిరుగుతుంది. అరచెయ్యి పైకి తిరిగితే స్టిక్ లేస్తుంది, లోపలికి తిరిగితే దిగుతుంది. నెమ్మదిగా వాయించేటప్పుడు ఈ తిరుగుడే పని చేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ పనిని బొటనవేలూ వేళ్ళూ అందుకోవాలి. ఆ అందుకోవటం తెలియనివారు మణికట్టును, భుజాన్ని బిగిస్తారు. నొప్పి అక్కడే మొదలవుతుంది.

మాస్టారు ఒక ఉపమానం చెప్పారు. "బొటనవేలు ద్వారబంధం లాంటిది, స్టిక్ దాని దగ్గరే ఉండి తిరుగుతుంది. వేళ్ళు తలుపును తోసే చేతులు. ద్వారబంధం బిగుసుకుపోతే తలుపు కదలదు. ఊడిపోతే తలుపు పడిపోతుంది."

ఇంట్లో చేయదగిన సాధన

వాడికి ఆయన ఇచ్చిన సాధన క్రమం ఇది. గోడ గడియారం ఎదురుగా ఉంటే చాలు. అది నిమిషానికి 60 టిక్కులు కొడుతుంది.

మొదటిది: స్టిక్‌ను సందులో మాత్రమే ఉంచి, మిగిలిన వేళ్ళన్నీ తెరిచి, కొసను పైకి లేపి వదిలేయాలి. అది తనంతట తాను ఎన్నిసార్లు ఎగురుతుందో లెక్కపెట్టాలి. ఎక్కువసార్లు ఎగిరిందంటే పట్టు వదులుగా ఉందని అర్థం. ఒక్క దెబ్బతో ఆగిపోయిందంటే ఎక్కడో బిగిస్తున్నాము.

రెండవది: అలాగే వేళ్ళు తెరిచి ఉంచి, బొటనవేలు ఒక్కదానితోనే స్టిక్‌ను కిందికి తోయాలి. అది ఎగిరి వచ్చినప్పుడు మళ్ళీ తోయాలి. పిల్లలు రబ్బరు బంతిని నేలకు కొడుతూ అరచేతితో ఆడిస్తారు చూడండి, అదే విధం. బంతి పైకి రాకముందే కొడితే ఆట చెడుతుంది. ఇక్కడా అంతే, ఎగురు కోసం ఆగాలి.

మూడవది: చూపుడువేలును కలిపి, రెండింటితో అదే పని చేయాలి. అది కుదిరాక మధ్యవేలు. చివరికి ఉంగరపు వేలు కిందికి వచ్చి స్టిక్‌కు ఆసరా ఇవ్వాలి. ఒకేసారి అన్ని వేళ్ళూ పెట్టేస్తే ఏ వేలు పని చేస్తున్నదో, ఏది బద్ధకిస్తున్నదో తెలియదు.

నాలుగవది: గడియారం టిక్కుకు ఒక దెబ్బ, తరువాత రెండు, తరువాత నాలుగు. టిక్కుకు ఒకటి అన్నప్పుడు ముంజేయి తిప్పుతూ వాయించాలి. నాలుగు అన్నప్పుడు, అంటే నిమిషానికి 240 దెబ్బలు పడేటప్పుడు, చెయ్యి నెమ్మదించి వేళ్ళు అందుకోవాలి. తడబడితే సిగ్గుపడకుండా రెండుకు దిగిపోవాలి.

ఇదంతా రోజుకు పది నిమిషాలే. నొప్పి గానీ, తిమ్మిరి గానీ వస్తే వెంటనే ఆపాలి. ఓర్చుకోవటం ఇక్కడ సుగుణం కాదు.

ఇంకొక మాట. ఇరుగుపొరుగువారికి ఇబ్బంది కలగకూడదని మా వాడు దిండు మీద వాయించేవాడు. మాస్టారు వద్దన్నారు. దిండు మీద స్టిక్ ఎగరదు. ఎగరనిదాన్ని వేళ్ళు ఎలా అందుకుంటాయి? చెక్క పలక మీద దళసరి రబ్బరు షీటు అంటించి ఇచ్చారు. చప్పుడు తక్కువ, ఎగురు బాగుంది.

చూపు మందగించినా చెయ్యి ఆగలేదు

మాస్టారు ఒక అమెరికా వాద్యకారుని గురించి తరచుగా చెప్పేవారు. ఆయన పేరు జో మొరెల్లో. 1928లో పుట్టారు. పుట్టుకతోనే చూపు తక్కువ. చిన్నతనంలో వయొలిన్ నేర్చుకుని, తరువాత డ్రమ్స్ వైపు వచ్చారు. జార్జి లారెన్స్ స్టోన్ అనే గురువు దగ్గర నేర్చుకున్నారు. స్టోన్ గారు 1935లో ప్రచురించిన 'స్టిక్ కంట్రోల్' అనే సాధన పుస్తకం నేటికీ డ్రమ్మర్ల చేతుల్లో ఉంది. అందులో ఒక్కొక్క పాఠాన్ని 20 సార్లు వాయించమని ఉంటుంది. మొదటి పాఠం కుడిచేతితో మొదలైతే, రెండవ పాఠం అదే వరుసను ఎడమచేతితో మొదలుపెట్టిస్తుంది. బలహీనమైన చేతిని వెనుకకు నెట్టవద్దని ఆ పుస్తకం మొదటి పేజీలోనే నేర్పుతుంది.

మొరెల్లో గారు సంప్రదాయ పట్టుతోనే వాయించేవారు. ఆయన ఎడమచేతి వేళ్ళ నేర్పుకు ఎంతో పేరు. డేవ్ బ్రూబెక్ బృందంలో ఉండగా, 1958లో వారితోపాటు మన దేశానికి కూడా వచ్చి వాయించారు. 1959లో వచ్చిన 'టేక్ ఫైవ్' అనే ప్రసిద్ధ వాద్య రచనలో డ్రమ్స్ ఆయనవే. అది మన ఖండ చాపు లాగే ఐదు లెక్కల నడక. ఆయన 2011లో కన్నుమూశారు. అంతటి వాద్యకారుడు కూడా విద్యార్థులకు గట్టిగా పట్టుకోమని కాక, స్టిక్‌ను ఎగరనివ్వమనే నేర్పారు.

చివరి ఇల్లు

మా వాడి బొటనవేలు దారిలోకి రావటానికి ఆరు నెలలు పట్టింది. మొదటి రెండు నెలలూ ఏమీ ముందుకు సాగినట్టు కనిపించలేదు. వాడికంటే మాకే తొందర ఎక్కువ. ఒకరోజు ఉండబట్టలేక "ఇంకా ఎన్నాళ్ళు మాస్టారూ?" అని అడిగాము. "మీరు వంటింట్లోకి వెళ్ళండమ్మా, త్వరగా వస్తుంది" అన్నారాయన. మేము నవ్వుకుంటూనే లేచి వెళ్ళాము. నిజమే, పిల్లల చేతులు బిగుసుకోవటానికి చాలాసార్లు వెనుక నిలబడిన మనమే కారణం.

మరుసటి సంవత్సరం కేరల్స్‌లో అదే సైడ్ డ్రమ్ము, అదే భుజం. వాడి మోచెయ్యి మాత్రం ఒంటి పక్కనే ఉంది. చివరి రాత్రి చివరి ఇల్లు, మంచం పట్టిన ఒక బామ్మగారిది. ఆమె కుమార్తె గుమ్మంలోకి వచ్చి, "అమ్మకు పెద్ద శబ్దం పడదండీ" అని మెల్లగా చెప్పింది. ఏడాది క్రితమైతే డ్రమ్ము ఆపేయమనేవాళ్ళం. వాడు మమ్మల్ని అడగలేదు. స్టిక్ కొసను రెండంగుళాలకు మించి లేపకుండా, వేళ్ళతో మాత్రమే వాయించాడు. పాట కింద ఆ చప్పుడు వాన చినుకుల్లా వినిపించింది. బామ్మగారి వేళ్ళు దుప్పటి మీద తాళం వేయటం కిటికీలోంచి చూశాము.

చేతిపట్టు సాధించటమంటే గట్టిగా, వేగంగా వాయించటమే అని మేము ఎన్నాళ్ళో అనుకున్నాము. మెల్లగా వాయించవలసిన చోట మెల్లగా వాయించగలగటమే అసలు పట్టు అని ఆ రాత్రి మా అబ్బాయి చేతిని చూసి తెలుసుకున్నాము.

ఇంటికి వచ్చాక వాడు భోజనానికి కూర్చున్నాడు. ఎడమచేత్తో నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. మేము ఏమీ అనలేదు. ఇంకో రెండు అట్లు వేసి తెచ్చాము.