పసిమనసును చదివే చదువు

రెండేళ్లు నిండినా బిడ్డకు మాటలు రాలేదు. తొమ్మిదో తరగతి అబ్బాయి ఇంకా కూడబలుక్కునే చదువుతున్నాడు. ఇంటర్ అమ్మాయి గది తలుపు వేసుకుంటే తీయడం లేదు. ఎవరికి చూపించాలి? ఆ జవాబు చెప్పగలిగే మనుషులను తయారుచేసేవే బాల మనోవిజ్ఞానం, శిశు వికాసాల్లో పీజీ చదువులు. వాటిలో ఏం నేర్పుతారు? ఏ డిగ్రీతో ఏ పని చేయొచ్చు? తెలుగు పిల్లల కోసం ఇంకా ఏం కావాలి?

‘‘వాళ్ల నాన్నకీ మూడేళ్లు దాటాకే మాటలొచ్చాయి, ఊరుకోవే!’’ అంటుంది నాయనమ్మ. ఫోన్ చూపించడం మానేస్తే అవే వస్తాయంటుంది పక్కింటావిడ. ఆగడమెందుకు, ఏదో ఒక థెరపీ సెంటర్‌కు తీసుకెళ్లమంటాడు వాట్సాప్‌లో వీడియో చూసిన బాబాయి. ముగ్గురూ బిడ్డ మేలు కోరేవాళ్లే. నాయనమ్మ మాటే నిజం కావచ్చు కూడా. ఆలస్యంగా మొదలుపెట్టి తర్వాత గలగలా మాట్లాడేసిన పిల్లలు లేని ఊరుండదు. కానీ ఆ మాట అనేముందు చూడాల్సినవి కొన్నున్నాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నాడా? కావలసిన దాన్ని వేలితో చూపిస్తున్నాడా? గోడ మీద పిల్లి కనిపిస్తే ఒకసారి పిల్లి వంక, ఒకసారి అమ్మ వంక చూసి ఆ సంబరం పంచుకుంటున్నాడా? చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయా? మాట రాకపోయినా ఇవన్నీ ఉన్న బిడ్డ సంగతి వేరు, ఇవేవీ లేని బిడ్డ సంగతి వేరు. ఆ తేడా పట్టుకునే చూపు పుస్తకాలతోనే రాదు, పెద్దల పర్యవేక్షణలో చేసే సాధనతో వస్తుంది. పీజీ కోర్సు ఎంచుకునేటప్పుడు డిగ్రీ పేరు కంటే ముందు చూసుకోవాల్సింది ఆ సాధన ఎంత ఉందన్నదే.

చాప మీద పరీక్ష

నేల మీద చాప. దాని మీద ఏడాది నిండిన పాప, వెనకే ఆనుకుని తల్లి. ఎదురుగా పీజీ రెండో ఏడాది చదువుతున్న అమ్మాయి. పక్కన పెట్టెలో రంగు దిమ్మలు, చిన్న గంట, దారం కట్టిన ఎర్ర రింగు, కప్పు, బొమ్మ. గదికి ఒకవైపు అద్దం, దాని వెనక ప్రొఫెసర్. చూసేవాళ్లకు ఆడుకుంటున్నట్టే ఉంటుంది. జరుగుతున్నది ‘డాసీ’ అనే వికాస పరీక్ష. అమెరికాలో తయారైన బేలీ పరీక్షను ఆధారం చేసుకుని మన దేశపు పసిపిల్లలకు తగినట్టుగా బరోడాలో ప్రమీలా ఫాటక్ దీన్ని రూపొందించారు. పుట్టినప్పటి నుంచి రెండున్నరేళ్ల దాకా చేస్తారు. కదలికలకు 67 అంశాలు, మానసిక వికాసానికి 163 అంశాలు.

అమ్మాయి బొమ్మ మీద కప్పు బోర్లించింది. పాప కప్పు ఎత్తి బొమ్మ తీసుకుంటుందా? దిమ్మను అరచేత్తో లాక్కుంటుందా, బొటనవేలితో చూపుడువేలితో పట్టుకుంటుందా? గంట మోగితే ఎటు తిరుగుతుంది? పాప మూడుసార్లు దిమ్మను తోసేసి తల్లి కొంగులో మొహం దాచుకుంది. ‘‘ఇంట్లో చక్కగా ఆడుతుందండీ, ఇక్కడే ఇలా...’’ అని తల్లి నొచ్చుకుంది. అమ్మాయి కాగితం మీద ఒక మాట రాసుకుంది.

పరీక్ష అయ్యాక ప్రొఫెసర్ ఆ కాగితం తీసుకుని అడిగారు: ‘‘మొండిగా ఉంది అని రాశావు. నువ్వు చూసిందేమిటి?’’

‘‘దిమ్మను మూడుసార్లు తోసేసింది మేడమ్.’’

‘‘అది రాయి. తల్లి అన్నదీ రాయి. ఎన్ని గంటలకు నిద్ర లేచిందో, పాలు ఎప్పుడు తాగిందో అడిగావా?’’

ఈ చదువంతా ఆ రెండు వాక్యాల మధ్యే ఉంది. కంటికి కనిపించినది ఒకటి, దానికి మనం పెట్టే పేరు మరొకటి. మొద్దు, మొండి, గారాబం, అల్లరి, బద్ధకం... పెద్దలు పిల్లలకు అతికించే ముద్రలన్నిటినీ పక్కన పెట్టి, బిడ్డ ఏం చేసిందో, ఏ పరిస్థితిలో చేసిందో మాత్రమే రాయడం అలవాటు కావడానికి నెలలు పడుతుంది. పదిమంది పిల్లలను చూసి, పదిసార్లు దిద్దించుకుంటేనే అది వస్తుంది.

బిట్లుగా వచ్చిన పియాజే

టెట్, డీఎస్సీకి చదివినవాళ్లకు పియాజే దశలు, వైగాట్‌స్కీ సిద్ధాంతం బిట్లుగా కంఠతా వచ్చే ఉంటాయి. పీజీలో అవే పేర్లు పిల్లల మధ్య మళ్లీ ఎదురవుతాయి. జీన్ పియాజే తన ముగ్గురు పిల్లల ఆటలను శ్రద్ధగా గమనించి, కళ్ల ముందు నుంచి మాయమైన వస్తువు ఇంకా ఉందని బిడ్డ మెల్లగా గ్రహిస్తుందని చెప్పారు. మన ఇళ్లలో దోబూచులాటకు పసివాళ్లు పకపకా నవ్వడం వెనకున్నదీ ఆ ఎరుకే. కప్పు కింద బొమ్మ పరీక్షకు మూలమూ అదే.

మేరీ ఐన్స్‌వర్త్ 1950లలో ఉగాండా పల్లెల్లో తల్లీబిడ్డలను వాళ్ల ఇళ్లలోనే గమనించారు. తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక పద్ధతి తయారుచేశారు. కొత్త గదిలో తల్లి, బిడ్డ, ఒక కొత్త మనిషి. తల్లి కాసేపు బయటికి వెళ్లి తిరిగొస్తుంది. వెళ్లినప్పుడు బిడ్డ ఏడ్చిందా అన్నదాని కంటే, తిరిగొచ్చాక ఏం చేసిందన్నది ముఖ్యం. చేతులు చాచి చంకనెక్కి, ఊరట పొంది మళ్లీ ఆటలో పడిందా? మొహం తిప్పుకుందా? ఎంత సముదాయించినా ఊరుకోలేదా? ఆ అనుబంధం బిడ్డకు ఎంత భరోసా ఇస్తోందో అక్కడ తెలుస్తుంది.

అయితే ఇదే పద్ధతిని జపాన్‌లో వాడినప్పుడు, తల్లిని వదిలి ఉండటం అలవాటు లేని అక్కడి పిల్లలు విపరీతంగా కలవరపడ్డారు. మన దగ్గర నాయనమ్మ, మేనత్త, పెద్దక్క, పక్కింటి పిన్ని చేతుల మీదుగా పెరిగే బిడ్డను ఎలా చూడాలి? ఈ ప్రశ్నను మన పరిశోధకులు ఎప్పటి నుంచో అడుగుతున్నారు. భారతీయ బాల్యం మీద సుధీర్ కక్కర్ ‘ది ఇన్నర్ వరల్డ్’ 1978లో వచ్చింది. బరోడాలో టి.ఎస్.సరస్వతి, ఢిల్లీలో ఎస్.ఆనందలక్ష్మి ఈ దేశపు పిల్లలను ఈ దేశపు ఇళ్లలోనే చూడాలంటూ తరాల విద్యార్థులను తీర్చిదిద్దారు.

మన పల్లెలు నేర్పిన పాఠం

ప్రపంచం చదువుకునే పరిశోధనలు తెలుగు నేల మీదా జరిగాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన మనస్తత్వవేత్త షహనాజ్ వజీర్, ఆమె సహచరులు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 60 గ్రామాల్లో చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. ఊళ్లను మూడు బృందాలుగా విడదీశారు. ఒకదానికి అంగన్‌వాడీ మామూలు సేవలే అందాయి. రెండో బృందంలో తల్లులకు బిడ్డకు ఏం పెట్టాలో కూడా ఇంటికెళ్లి చెప్పారు. మూడో బృందంలో దానితో పాటు ఎలా పెట్టాలో, ఎలా ఆడించాలో చెప్పారు. బిడ్డ ఆకలి సైగలను గమనించడం, ముద్ద ముద్దకూ కబుర్లు చెబుతూ తినిపించడం, ఇంట్లో ఉన్న వస్తువులతోనే ఆడించడం వంటివన్న మాట. 15 నెలల వయసుకు మానసిక వికాస పరీక్షలో మూడో బృందం పిల్లలు మొదటి బృందం కంటే మెరుగ్గా నిలిచారు. పోషకాహారంతో పాటు పలకరింపూ బిడ్డకు కావాలని మన ఊళ్ల నుంచే రుజువు దొరికింది.

2002లో మొదలైన ‘యంగ్ లైవ్స్’ మరొకటి. ఇథియోపియా, పెరూ, వియత్నాంతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కలిపి సుమారు 12 వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించిన అధ్యయనం ఇది. అందులో దాదాపు 3 వేల మంది తెలంగాణ, కోస్తా, రాయలసీమ పిల్లలు. పసితనంలో ఎదుగుదల కుంగినవాళ్లు తర్వాత చదువులో వెనకబడే అవకాశం ఎక్కువని ఈ సమాచారం చూపింది. అలా కుంగినా తర్వాత కోలుకున్న పిల్లలు, కోలుకోనివాళ్ల కంటే మెరుగ్గా ఉన్నారనీ చూపింది. మూడేళ్లు దాటితే అంతా అయిపోయినట్టే అనే నిరాశకు ఇందులో జవాబుంది.

తెలుగు బిడ్డకు తెలుగు కొలత

ఈ రంగంలో పెద్ద లోటు భాష దగ్గరే ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్. ఏడేళ్ల పిల్లాడు ఇంగ్లిష్ పేరా చదవలేకపోతే అది డిస్‌లెక్సియానా, ఆ భాషే ఇంకా పట్టుబడలేదా? తెలుగులోనూ చదివించి చూడకుండా చెప్పలేం. తెలుగులో తడబాటు తీరు కూడా వేరు. ‘కష్టం’లో వత్తు దగ్గర ఆగిపోవడం, ‘కొ’కూ ‘కో’కూ తేడా రాయలేకపోవడం, అక్షరం తప్పకపోయినా నత్తనడకన చదవడం వంటివి ఇంగ్లిష్ పరీక్షకు దొరకవు. తెలుగు లిపిలోని ధ్వనులను పిల్లలు ఎలా పట్టుకుంటారన్నదాని మీద ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్ర ఆచార్యులు దుగ్గిరాల వసంత 2004లో పరిశోధనా వ్యాసం ప్రచురించారు. ఆ దారిలో నడవాల్సినవాళ్లు ఇంకా ఎందరో కావాలి. ఇంట్లో గోండీ, కోయ, సవర మాట్లాడే పిల్లలకైతే తెలుగు పరీక్ష కూడా పరాయిదే.

ఇది చిన్న విషయం కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉన్నాయి. కొలత తప్పితే అర్హత ఉన్న బిడ్డకు సాయం అందదు, లేని లోపం ముద్ర మరో బిడ్డకు పడుతుంది.

చట్టం పిలుస్తోంది

విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా బాలల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన ఒక కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించుకోవాలని చెప్పింది. కార్పొరేట్ కళాశాలలు, హాస్టళ్లు కిక్కిరిసిన మన రెండు రాష్ట్రాలకు ఈ మాట సూటిగా తగులుతుంది.

అవసరం అక్కడితో ఆగదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పడే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో పిల్లల డాక్టరుతో పాటు సైకాలజిస్టు ఉండాలి. బాలల న్యాయ చట్టం, 2015 ప్రకారం 16 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లల మీద ఘోర నేరారోపణ వస్తే, బాలల న్యాయ బోర్డు వాళ్ల మానసిక, శారీరక సామర్థ్యాన్ని ప్రాథమికంగా అంచనా వేయాలి. అందుకు అనుభవమున్న సైకాలజిస్టుల సాయం తీసుకోవచ్చు. ఆ కుర్రాడిని పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్నది ఆ అంచనాను బట్టే ఉంటుంది. అంతటి బరువు మోసే కాగితం రాసేవాళ్లు అరకొర చదువుతో రాకూడదు.

ఏ డిగ్రీతో ఏ పని?

ఎంఏ, ఎంఎస్సీ సైకాలజీ: రెండేళ్లు. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవెంకటేశ్వర వంటి విశ్వవిద్యాలయాల్లో ఉంది. బడుల్లో కౌన్సెలింగ్‌కు, స్వచ్ఛంద సంస్థల్లో పనికి, పరిశోధనకు పునాది. ఈ డిగ్రీ ఒక్కటితోనే క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోవడం కుదరదు.

హ్యూమన్ డెవలప్‌మెంట్: హోం సైన్స్, కమ్యూనిటీ సైన్స్ కళాశాలల్లో పీజీ. హైదరాబాద్ సైఫాబాద్‌లోని కళాశాల, తిరుపతిలోని పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఈ రంగంలో తెలిసిన పేర్లు. పసిపిల్లల విద్య, అంగన్‌వాడీ శిక్షణ, కుటుంబ సేవల వైపు వెళ్లేవాళ్లకు తగింది.

క్లినికల్ సైకాలజీ: చికిత్స చేయాలంటే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు చేసి, దాని రిజిస్టర్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఇన్నాళ్లూ దీనికి రెండేళ్ల ఎంఫిల్ ఉండేది. ఆ కోర్సులో ప్రవేశాలకు యూజీసీ 2025-26 దాకానే అనుమతిచ్చింది. కొత్త కోర్సులు దాని స్థానంలోకి వస్తున్నాయి కాబట్టి ఫీజు కట్టేముందు ఆర్‌సీఐ జాబితా చూసుకోవాలి.

పునరావాసం, ముందస్తు సాయం: సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యమున్నవాళ్ల కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ, ఇప్పటి నీపిడ్, ఈ కోర్సులకు పెద్ద దిక్కు. ఆటిజం అంచనాకు దేశమంతటా వాడే 40 అంశాల ‘ఇసా’ పరీక్ష ఇక్కడ పుట్టిందే.

వైద్యులకు: ఎండీ సైకియాట్రీ తర్వాత బెంగళూరు నిమ్‌హాన్స్‌లో బాల, కౌమార మనోవైద్యంలో డీఎం ఉంది.

విదేశాల్లో: బ్రిటన్‌లో ఏడాది ఎంఎస్సీ చేసినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు. అది చట్టరక్షణ ఉన్న హోదా. అందుకు గుర్తింపు పొందిన శిక్షణ, అక్కడి ఆరోగ్య వృత్తుల నియంత్రణ మండలి హెచ్‌సీపీసీలో నమోదు ఉండాలి. అప్పు చేసి విమానం ఎక్కేముందు ఇది తెలుసుకోవడం మంచిది.

చేరేముందు అడగండి

2025-26 విద్యా సంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. ఉద్యోగం చేసుకుంటూ చదువుదామనుకున్న చాలామందికి, ముఖ్యంగా టీచర్లకు, గృహిణులకు ఇది ఇబ్బందే. అయినా ఆ నిర్ణయంలో న్యాయముంది. బిడ్డ ఎదురుగా కూర్చోకుండా ఈ విద్య పట్టుబడదు. ఉద్యోగస్థులకు సాయంత్రం తరగతులు, సెలవుల్లో ప్రాక్టికల్స్ ఏర్పాటు చేయాల్సిన బాధ్యత మాత్రం విశ్వవిద్యాలయాలదే.

కాలేజీకి వెళ్లినప్పుడు ల్యాబ్ ఉందా అని అడిగి ఊరుకోవద్దు. రెండేళ్లలో ఎంతమంది పిల్లలను స్వయంగా చూస్తాం? నా రిపోర్టును ఎవరు చదివి దిద్దుతారు? ఆసుపత్రి, అంగన్‌వాడీ, బాలసదనం, ప్రత్యేక అవసరాల పిల్లల బడి, వీటిలో ఎక్కడెక్కడికి పంపిస్తారు? తల్లిదండ్రులతో తెలుగులో మాట్లాడటం, తెలుగులో రిపోర్టు రాయడం నేర్పుతారా? తడబడకుండా జవాబు చెప్పే విభాగం చిన్న ఊళ్లో ఉన్నా అందులో చేరవచ్చు. జవాబు దాటవేస్తే అది ఎంత పేరున్న క్యాంపస్ అయినా ఆలోచించుకోవాలి.

ఈ చదువులోకి వచ్చేవాళ్లకు చేయడానికి పని బోలెడుంది. తెలుగులో చదవడానికి, మాటకు, బుద్ధికి నమ్మదగిన పరీక్షలు కావాలి. శ్రీకాకుళం బిడ్డకూ ఆదిలాబాద్ బిడ్డకూ సరిపోయే ప్రమాణాలు తేల్చాలి. ఏటా మన విశ్వవిద్యాలయాల్లో రాసే పీజీ థీసిస్‌లను ఒక ప్రణాళికతో పంచుకుంటే, విభాగాలు చేయి చేయి కలిపితే, పదేళ్లలో ఆ ప్రమాణాలు సిద్ధమవుతాయి. అందుకు వేరే దేశం నుంచి ఎవరూ రారు. తెలుగులో ఆలోచించే, తెలుగు పిల్లలతో చాప మీద కూర్చునే ఓపికున్న విద్యార్థులే ఆ పని చేయాలి.