లెక్కలకును తనిఖీ కావలెను

చీర సంఘమునకు వచ్చినప్పుడు మేము పొడవు, వెడల్పు కొలిచి, తూకము వేసి తీసికొందుము. కాని ఆసు పోయునప్పుడో, గంజి పెట్టునప్పుడో జరిగిన పొరపాటు మగ్గము దిగిన తరువాత కనబడిన లాభమేమి? మంచి నేతగాడు ఏ పని లోపమును ఆ పనిలోనే పట్టును. ప్రభుత్వ గణాంక శాఖల పనియు ఇట్టిదే. అచ్చయిన అంకెను చూచినంత మాత్రమున దాని మంచిచెడ్డలు తెలియవు. అది తయారైన తీరును మెట్టుమెట్టునకు కొలువవలెను.

వెళ్ళవలసిన ఇండ్లెన్ని, జవాబు చెప్పినవెన్ని, ఖాళీగా మిగిలిన ప్రశ్నలెన్ని, కార్యాలయములో దిద్దినవెన్ని, ఫలితము ఎన్నాళ్ళకు వెలువడినది – ఇవి మొదటి కొలతలు.

మరల లెక్కించి చూచుట అంతకంటె గట్టి పరీక్ష. ప్రొఫెసర్ మహలనోబిస్ గారు ఒకే ప్రాంతములో రెండు నమూనాలు తీయించి, వేర్వేరు జట్లచే విచారింపజేసిరి. రెండు ఫలితములు దూరమైనచో ఎక్కడనో లోపమున్నదన్నమాట. 1950లో ఏర్పడిన జాతీయ నమూనా సర్వేయు ఈ పద్ధతిని వాడినది. 2011 జనాభా లెక్కల పిదప కొన్నిచోట్ల మరల విచారింపగా, వెయ్యికి సుమారు 23 మంది తప్పిపోయినట్లు తేలినది. తన తప్పును కొలిచి ప్రకటించుట శాఖకు చిన్నతనము కాదు, గౌరవము.

ఇక మన సంగతి. చేనేత గణనలో 2009–10లో పనివారు 43.31 లక్షలు, 2019–20లో 35.22 లక్షలు. ఎనిమిది లక్షలమంది వృత్తి విడిచిరని తోచును. అయితే మొదటి అంకెలో 18 ఏండ్లు నిండనివారును కలిసియున్నారు. పెద్దవారు మాత్రమే ఐనచో సుమారు 38 లక్షలు. పైగా అదే కాలములో చేనేత కుటుంబములు 27.83 లక్షలనుండి 31.45 లక్షలకు పెరిగినవి! కనుక పోల్చుటకు ముందు ఎవరిని, ఏ ప్రశ్నతో, ఎట్లు లెక్కించిరో అడుగవలెను.

కండెలు చుట్టు ఆడవారిని “ఏమి పని చేయుదురు?” అని అడిగిన, “ఇంటిపనే” అందురు. ఆ ఒక్క మాటతో పనిచేయు చేయి లెక్కనుండి జారిపోవును. గణన వివరములను బట్టియే గుర్తింపు కార్డులు ఇచ్చినారు గదా!

కావున సభ్యులకు మా మనవి. గణకుడు వచ్చినప్పుడు నేసేవారిని, ఆసు పోసేవారిని, కండెలు చుట్టేవారిని అందరిని చెప్పుడు. వ్రాసినది చదివించి వినుడు. ప్రతి సంఘము తన జాబితాను సిద్ధముగా ఉంచి, రెంటిని సరిచూడవలెను.